శిలపై పేరు

ప్రతి సంవత్సరము డిసెంబరు 7వ తేదీన మా కార్యాలయమునకు ఒక చిన్న డబ్బా వచ్చును. దానితోపాటు ఎరుపు, ముదురు నీలము, లేత నీలము చారలు గల కాగితపు జెండాల కట్ట వచ్చును. తోచినంత డబ్బాలో వేసి, ఒక జెండాను తీసి చొక్కాకు గుచ్చుకొందుము. సాయంకాలమగునప్పటికి ఆ జెండా నలిగిపోవును. ఇంటికి పోవునప్పుడు ఎచ్చటనో రాలిపోవును. సాయుధ దళముల పతాక దినము 1949 నుండి మన దేశమున ఈ విధముగనే జరుగుచున్నది. ఆ డబ్బులో ప్రతి పైసకును ప్రయోజనమున్నది. మాజీ సైనికుల పిల్లల చదువునకు, వీరుల భార్యల పోషణకు, అంగవిహీనులైన వారి సంరక్షణకు అది వినియోగమగును. కనుక ఆ డబ్బాను నేను తేలిక చేయుట లేదు. కాని ఆ జెండా నలిగినప్పుడెల్ల నాకొక ప్రశ్న తోచును. యుద్ధము చేసి వచ్చిన వానిని, యుద్ధములో పడిపోయిన వానిని, మన తెలుగువారు పూర్వమెట్లు గౌరవించెడివారు? నేడెట్లు గౌరవించుచున్నాము?

ఈ ప్రశ్నకు మొదటి సమాధానము గ్రంథాలయములో కాదు, పొలము గట్టు మీద దొరకును. కడప, చిత్తూరు ప్రాంతములలో, పూర్వము రేనాడు అని పిలువబడిన సీమలో, ఊరి వెలుపల చింతచెట్టు క్రిందనో, చెరువుకట్ట మీదనో, సగము భూమిలో దిగబడిన రాళ్ళు కనబడును. కొన్నింటికి పసుపు కుంకుమలు పూసి గ్రామదేవతలుగ పూజించుచున్నారు. కొన్నింటిపై రైతులు కొడవళ్ళు నూరుకొనుచున్నారు. దగ్గరకు పోయి చూచినచో, కత్తి ఎత్తి నిలచిన ఒక మనుష్యుని బొమ్మ, దానిపైనో ప్రక్కనో నాలుగు పంక్తుల ప్రాచీన లిపి కనబడును. ఇవియే వీరగల్లులు. వెయ్యి సంవత్సరములకు పూర్వము బాణులు, వైదుంబులు, నొలంబులు ఆ సీమ కొరకు పోరాడిన కాలమున నిలిపినవి వానిలో అనేకము కలవు.

వీరగల్లులో మూడు అంతస్తులు చెక్కుట ఒక పద్ధతి. క్రింది అంతస్తులో పోరు. నడిమి అంతస్తులో అప్సరసలు వీరుని పైకి తీసికొని పోవుట. పై అంతస్తులో శివలింగము సన్నిధిని అతడు కూర్చుండుట. అన్ని రాళ్ళపైనను ఇంత శిల్పముండదు. చాలవానిపై మొరటు బొమ్మ ఒక్కటే ఉండును. ఆ వీరుడు చేసిన పని ఏమి? ప్రతివాడును చక్రవర్తి కొరకు మరణించినవాడు కాడు. ఊరి పసుల మందను శత్రువులు తోలుకొని పోవుచుండగా అడ్డుపడి మరణించినవాడొకడు. ఊరు దోచుకొను వారిని గవిని వద్ద నిలిపి మరణించినవాడొకడు. ఊరిపై పడిన పులితో పోరాడి మరణించిన వానికి సైతము రాయి నిలిపిన ఊళ్ళు కలవు. ధైర్యము వేరు, ఊరిసేవ వేరు అని ఆ రాళ్ళు విభజించలేదు.

నాకు ముఖ్యముగ తోచిన విషయములు రెండు. ఒకటి, అక్షరములున్న రాళ్ళలో అనేకము పేరు చెప్పుచున్నవి. ఫలానా రాజు ఏలుచుండగా, ఫలానావాని కొడుకు ఫలానావాడు, ఫలానా ఊరి పోరులో పడియెనని చెప్పుచున్నవి. రాజు పేరున్న రాతి మీదనే బంటు పేరును ఉన్నది. రెండవది, రాయి నిలిపి చేతులు దులుపుకొనలేదు. పడినవాని కుటుంబమునకు పన్నులేని భూమి ఇచ్చుట ఆ కాలపు ఆచారము. దానికి మనవారు పెట్టిన పేరు రక్తమాన్యము. కన్నడ దేశములో నెత్తరు కొడగె అందురు. రక్తము చిందిన వాని పిల్లలు ఆ భూమిని దున్నుకొని తినవలెను. పేరు రాతికి, గింజ ఇంటికి. ఈ రెండింటిని కలిపి గౌరవమని ఆనాటివారు భావించిరి.

పల్నాటికి పోయినచో ఇంకొక విధానము కనబడును. నాగులేటి ఒడ్డున కారెంపూడిలో పన్నెండవ శతాబ్దమున జరిగిన యుద్ధము కథ తెలుగువారికి కొత్త కాదు. కార్తిక అమావాస్య నాడు అచ్చట ప్రారంభమై ఐదు దినములు జరుగు వీరుల ఉత్సవములను చూచినవారికి కథకంటె ఎక్కువ తెలియును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఒక్కొక్క దినమునకు ఒక్కొక్క పేరు. వీరాచారవంతులు తమ పూర్వులు కాపాడుకొని వచ్చిన ఆయుధములను, కొణతములను, పట్టుకొని దూరగ్రామముల నుండి వచ్చుదురు. వీరుల గుడి వద్ద వానిని నిలిపి పూజింతురు. అరువది ఆరుగురు వీరులని చెప్పుదురు. ఆ వీరులలో బ్రహ్మనాయుడు కలడు, బాలచంద్రుడు కలడు, మాలకులమున పుట్టి బ్రహ్మనాయుని సేనకు నాయకుడైన కన్నమదాసును కలడు. ఇది గెలిచిన పక్షము చేసికొను విజయోత్సవము కాదు. రెండు వైపులను నాశనమైన యుద్ధమది. గెలుపోటములు ఎనిమిది వందల ఏండ్ల క్రిందటనే అప్రస్తుతములై, పేర్లు మాత్రము నిలిచినవి.

ఇక మన సిపాయిల చరిత్రలోనికి వత్తము. 1756లో క్లైవు మదరాసు నుండి బంగాళమునకు ఓడలలో పోవునప్పుడు వెయ్యిమందికి పైగా సిపాయిలను వెంట తీసికొని పోయెను. ఆ సిపాయిలను అచ్చటి ప్రజలు తెలంగాలని పిలిచిరి. వారందరును తెలుగువారు కారు. కాని తెలుగు తీరము నుండి వచ్చిన బంట్లన్న భావము ఆ పేరులో ఉన్నది. విచిత్రమేమనగా, ఆ పేరు అచ్చటనే నిలిచిపోయెను. కుంఫిణీవారి ఎర్రకోటు తొడుగుకొన్న సిపాయి ఎవడైనను, అతడు అయోధ్యవాడైనను భోజపురమువాడైనను, ఉత్తరదేశమున తెలంగాయే అయ్యెను. నూరు సంవత్సరముల తరువాత, 1857లో, ఢిల్లీలో తిరుగుబాటు చేసిన సిపాయిలను ఆ నగరపు ఉర్దూ రచయితలు తిలంగే అనియే వ్రాసిరి. వారిలో తెలుగు మాట తెలిసినవాడు దాదాపు లేడు. మన జాతి పేరు దేశమంతటికిని సిపాయి అను అర్థమున చెల్లినదని మనలో ఎందరికి తెలియును?

ఆ పేరు పోయినంత సులభముగ గౌరవమును పోయెను. 1881 నుండి 1885 వరకు మదరాసు సేనకు అధిపతిగ ఉండి, ఆ తరువాత భారత సేనాధిపతియైన రాబర్ట్సు దొరకు ఒక సిద్ధాంతముండెను. దక్షిణాదివారు చాలకాలము శాంతిలో బ్రతికి మెత్తబడిరనియు, నిజమైన యోధజాతులు ఉత్తరముననే ఉన్నవనియు ఆయన నమ్మెను. ఆ నమ్మకము ప్రభుత్వ విధానమయ్యెను. మదరాసు పటాలములు ఒక్కొక్కటిగ తగ్గెను. పందొమ్మిదవ శతాబ్దము ముగియునప్పటికి పదాతి దళములో తెలుగువారి భర్తీ దాదాపు ఆగిపోయెను. తాత, తండ్రి సిపాయిలుగ పనిచేసిన ఇండ్లలో కొడుకునకు ఆ ద్వారము మూసికొనెను. ఒక సేనాధిపతి అభిప్రాయము ఒక జాతి చరిత్రను ఎట్లు మార్చునో చూడుడు!

అయితే, 1914లో ఐరోపాలో నిప్పంటుకొనగానే ఆ సిద్ధాంతమునకు సెలవు దొరికెను. మనుష్యులు కావలసివచ్చిరి. మెత్తబడినవారు కూడ కావలసివచ్చిరి. మొదటి ప్రపంచయుద్ధమునకు భారతదేశము నుండి సముద్రము దాటి పోయినవారు పది లక్షలకు పైగా కలరు. డెబ్బది వేలకు పైగా తిరిగిరాలేదు. పశ్చిమగోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము దాపున మాధవరమను ఊరున్నది. ప్రజలు ఆ ఊరిని మిలిటరీ మాధవరమని పిలుతురు. గజపతుల కాలమున ఆరుగొలను కోట కాపలాకు వచ్చిన బంట్ల సంతతివారమని ఆ ఊరివారు చెప్పుకొందురు. మొదటి ప్రపంచయుద్ధమునకు తమ ఊరి నుండి 90 మందియు, రెండవదానికి 1,110 మందియు పోయిరని వారి లెక్క. ఆ ఊరిలో సైనికుడు లేని ఇల్లు వెదకిన గాని దొరకదు. సుబేదారు, కెప్టెను, మేజరు మొదలగు హోదాలను పిల్లలకు పేర్లుగ పెట్టుకొనుట అచ్చటి వేడుక. సైన్యము నుండి వచ్చిన తండ్రి, సైన్యమునకు పోవు కొడుకు ఒకే వరండాలో కూర్చుండి కాఫీ త్రాగుట వారికి సామాన్య విషయము. యోధజాతి సిద్ధాంతమునకు మాధవరము ఒక చక్కని సమాధానమని నా అభిప్రాయము.

ఆ యుద్ధము ముగిసిన తరువాత, సైనికులను పంపిన గ్రామములలో ప్రభుత్వమువారు పాలరాతి పలకలు పెట్టించిరి. ఈ గ్రామము నుండి ఇంతమంది 1914-1919 మహాయుద్ధమునకు పోయిరి, వారిలో ఇంతమంది ప్రాణములర్పించిరి. ఇంతియే ఆ పలక చెప్పునది. పంజాబు మొదలు తమిళదేశము వరకు ఒకటే అచ్చు, మారునది అంకె మాత్రమే. రేనాటి రాళ్ళను చూచి వచ్చిన కన్నులకు ఆ పలకలో ఏమి లోపించినదో వెంటనే తెలియును. పోయినవారి పేర్లేవి? ఊరు చిన్నది. ఆ ఏడుగురో తొమ్మండుగురో ఎవరో ఊరిలో అందరును ఎరుగుదురు. ఆ తరము ఉన్నంతవరకు అంకె చాలును. ఆ తరము పోయిన తరువాత అంకె అంకెగనే మిగిలెను.

గ్రామములోని పలకకు స్థలము చాలలేదనుకొందము. బస్రాలో స్థలమునకు కొదువ లేదు. మెసొపొటేమియా రంగమున, అనగా నేటి ఇరాకులో, మరణించి సమాధి లేనివారికి 1929లో అచ్చట గొప్ప స్మారకమును కట్టిరి. నలుబది వేలకు పైబడిన వారిని స్మరించు కట్టడమది. వారిలో అత్యధికులు భారతీయులు. దానికి పదునొకండేండ్ల ముందు, 1918లో, యుద్ధ సమాధుల సంఘమునకు ఫ్రెడరికు కెన్యను ఒక నివేదిక ఇచ్చియుండెను. హోదా భేదము లేక, ప్రతి సైనికునకును సమానమైన స్మారకముండవలెనన్నదే దాని సారము. జనరలుకు సిపాయికి ఒకే కొలత రాయి. వినుటకు మన వీరగల్లు ధర్మమువలెనే ఉన్నది.

కాని బస్రాలో జరిగినది వేరు. బ్రిటిషు సైనికుల పేర్లు చెక్కిరి. భారతీయ అధికారుల పేర్లు చెక్కిరి. సామాన్య భారతీయ సిపాయి దగ్గరకు వచ్చునప్పటికి, ఆయా పటాలము పేరు క్రింద ఇంతమంది ఇతర భారతీయ సైనికులు అని అంకె చెక్కిరి. పేర్లు తెలియక చేసినది కాదు. జాబితాలు పుస్తకములలో ఉండెను. చూచువాడెవడు, చదువువాడెవడు అన్న లెక్క అది. కూటులో ఆకలికి గుఱ్ఱపుమాంసము కూడ ముట్టక మాడిపోయినవాడును, టైగ్రిసు ఒడ్డున జ్వరముతో పోయినవాడును అంకెలో కలిసిపోయిరి.

ఈ అన్యాయము తొంబది సంవత్సరములకు పైగా పెద్దగ ఎవరికిని పట్టలేదు. 2021 ఏప్రిలులో ఆ సంఘమే ఒక విచారణ నివేదికను ప్రకటించెను. మొదటి ప్రపంచయుద్ధమున మరణించిన 45,000 నుండి 54,000 మందిని ఇతరులతో సమానముగ స్మరించలేదని అందులో ఒప్పుకొనిరి. వారిలో ఎక్కువమంది భారతీయులు, తూర్పు, పశ్చిమ ఆఫ్రికావారు, ఈజిప్టువారు, సోమాలీలు. ఇంక కనీసము 1,16,000 మందికి, ముఖ్యముగ తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు దేశములవారికి, పేరుతో స్మారకము లేదు, లేదా స్మారకమే లేదు. ఆ సంఘము క్షమాపణ చెప్పెను. బ్రిటిషు పార్లమెంటులో రక్షణ మంత్రియు క్షమాపణ చెప్పెను. ఆ వార్త మన పత్రికలలో లోపలి పుటలలో పడెను. ఆనాడు కరోనా రెండవ అల మనలను ముంచుచుండుటచే ఎక్కువమంది చదివియుండరు. క్షమాపణ ఎవరికి చెప్పిరో వారిలో ఒక్కడును వినుటకు మిగిలియుండలేదు.

ఢిల్లీలో మన పిల్లలు విహారయాత్రకు పోయి ఫొటోలు తీయించుకొను ఇండియా గేటు కూడ ఆ యుద్ధపు స్మారకమే. 1921లో శంకుస్థాపన చేసి 1931లో ముగించిరి. దానిపై పదమూడు వేలకు పైగా పేర్లు చెక్కబడియున్నవి. తల పైకెత్తి చదువవలెను. ఎవరు చదువుదురు? అయినను పేర్లున్నవి, అది మెచ్చవలసిన విషయము. స్వాతంత్ర్యము తరువాత పడిపోయిన మన సైనికుల కొరకు దాని దాపుననే 2019 ఫిబ్రవరి 25న జాతీయ యుద్ధ స్మారకమును ప్రారంభించిరి. 1947 నుండి 2019 వరకు లెక్కించినచో డెబ్బది రెండేండ్లు పట్టినది. ఇంత ఆలస్యమునకు కారణములు చెప్పువారు కలరు. నాకు అవి సరిపడలేదు. అయితే పని చేసినప్పుడు చక్కగ చేసిరి. త్యాగచక్రమను వలయములో నల్లరాతి ఇటుకలపై, మనుష్యుని కంటికి అందు ఎత్తున, ప్రారంభము నాటికి 25,942 పేర్లు చెక్కిరి.  వచ్చినవారు వ్రేలితో ఆ అక్షరములను తడవుచు వెదకుకొందురు. 2020 జూను 15 రాత్రి గల్వాను లోయలో తన పటాలమునకు ముందు నిలచి మరణించిన సూర్యాపేటవాసి కర్నల్ సంతోష్ బాబు పేరు నేడు దేశమంతటికిని తెలియును. మహావీర చక్రము వచ్చెను, సూర్యాపేటలో విగ్రహము నిలిచెను. ఆయనతోపాటు ఆ రాత్రి మరణించిన మిగిలిన పందొమ్మండుగురి పేర్లను రేడియోలో చదివిన దినము నాకు జ్ఞాపకమున్నది. చదువు వానికి గొంతు నిలువలేదు.

ఇంతవరకు పడిపోయినవారి మాట చెప్పితిని. తిరిగి వచ్చినవారి మాట చెప్పుట కష్టము. పడిపోయిన వానిని గౌరవించుటకు ఒక రాయి చాలును. తిరిగి వచ్చినవాడు ఇంకను నలుబది, ఏబది ఏండ్లు మన మధ్య బ్రతుకును. కిరాణా దుకాణములో అప్పు పెట్టును, కాలువ నీటికి తగవులాడును, దగ్గును. అట్టి వానిని వీరుడని తలచుటకు ఓపిక కావలెను.

రెండవ ప్రపంచయుద్ధములో భారత సైన్యమున చేరినవారు ఇరువదియైదు లక్షలు. నిర్బంధము లేక, తమంత తాము చేరినవారితో ఇంత పెద్ద సైన్యము అంతకు పూర్వము ప్రపంచమున ఎచ్చటను ఏర్పడలేదు. యుద్ధము ముగియగానే 1946 ప్రాంతమున వారిలో ఎక్కువ మందిని ఇండ్లకు పంపివేసిరి. పింఛనుకు కావలసిన సర్వీసు వారికి లేదు. చేతిలో కొంత సొమ్ము, ఒక పుస్తకము, కొన్ని పతకములు, అంతియే. రాష్ట్ర ప్రభుత్వములు అట్టి వారికి నెలనెల కొంత సహాయము ఇచ్చు పద్ధతి చాల సంవత్సరములకు గాని రాలేదు. అప్పటికి అనేకులు వెళ్ళిపోయిరి.

అట్టివారిలో ఒకరిని నేనెరుగుదును. బందరు సముద్రతీరమున మా తాతగారి ఊరిలో ఆయనను అందరును మిలిటరీ తాత అని పిలిచెడివారు. ఆయన 1942లో చేరి, దీమాపురము నుండి ఇంఫాలు పోవు కొండదారిలో లారీ నడిపినాడు. పిల్లలము చుట్టును చేరి, "తాతా, నువ్వు ఎంతమందిని చంపావు?" అని అడుగుచుంటిమి. "లారీ తోలానురా అబ్బాయ్. బియ్యం మోశాను," అనెడివాడు. మాకు నిరాశగ ఉండెడిది. 1944లో జపానువారు ఇంఫాలును చుట్టుముట్టి ఆ దారిని కోసివేసిరనియు, మూడు నెలలు అచ్చటి సైన్యము విమానములు తెచ్చిన తిండితో బ్రతికెననియు, జూను 22న దారి తెరువబడెననియు నేను కాలేజీలో చదువుకొనునప్పుడు గాని తెలియలేదు. అప్పటికి ఆయన లేడు.

యుద్ధము నుండి వచ్చిన తరువాత ఆయనకు రెండెకరముల బంజరుకు పట్టా ఇచ్చిరి. కాగితము ఇచ్చిరి. భూమి చూచుకొనుటకు పోయినప్పుడు అచ్చట ఇంకొకరి వరి కోతకు వచ్చియున్నది. ఒక కార్యాలయము చుట్టు కొన్ని సంవత్సరములు తిరిగి, "ఇంఫాలు దారే నయం" అని మానుకొన్నాడట. రక్తమాన్యమునకు ఆధునిక రూపమును ఆ విధముగ నేను మొదట విన్నాను.

ఊరిలో మాత్రము ఆయనకు పని తక్కువ లేదు. 1950 దశకమున పంచాయతీకి రేడియో పెట్టె ఇచ్చినప్పుడు, బ్యాటరీ సంగతి తెలిసినవాడు ఆయన ఒక్కడే. కనుక సాయంకాలము తలుపు తీసి పెట్టె పాడించుట ఆయన వంతు అయ్యెను. మనియార్డరు ఫారములు నింపుట, పట్నమునుండి వచ్చిన ఉత్తరములు చదివి వినిపించుట, పడుచువాండ్రను తెల్లవారుజామున లేపి పరుగెత్తించుట ఆయన పనులే. ఆ పరుగులో తేలినవారిలో కొందరు పోలీసులోను, సైన్యములోను చేరిరి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమను, చుట్టుప్రక్కల తీరమును తుడిచిపెట్టినప్పుడు వేలమంది పోయిరి. ఆ తరువాత వారము దినములు, ఎవరును ముట్టుకొనని శవములను, పసుల కళేబరములను ఆయన నలుగురు కుఱ్ఱవాండ్రతో కలిసి ఎత్తెనని మా అమ్మమ్మ చెప్పెడిది. బావిలో ఏమి చల్లవలెనో, నీరెంతసేపు కాచవలెనో ఇంటింటికి పోయి చెప్పెనట. ఇది ఏ పతకము మీదను లేదు.

నేను కన్నులార చూచినది 1990 మే నెలలో. వేసవి సెలవులు. నాకప్పుడు తొమ్మిదేండ్లు. రేడియోలో తుపాను హెచ్చరికలు వచ్చుచుండెను. ఊరివారు వినుచునే ఉండిరి, లేచుట లేదు. 8వ తేదీ రాత్రి, గాలి ఇంకను పెరుగక మునుపే, చంకలో ట్రాన్సిస్టరు, చేతిలో టార్చిలైటు పట్టుకొని ఆ ముసలివాడు వీధివీధి తిరిగెను. అరువది ఎనిమిదేండ్ల వయసు. కేకలు వేయలేదు. ప్రతి ఇంటి ముందు నిలచి, పేరు పెట్టి పిలిచి, "బడికి నడవండి," అని మాత్రము చెప్పెను. లేవని ఇంటివద్ద అరుగుమీద కూర్చుండెను. లేచువరకు కదలలేదు. మా అమ్మమ్మ పాడియావును విడిచి రానన్నది. ఆయన ఏమియు వాదింపక, కొట్టములోనికి పోయి పలుపు విప్పి దానిని వీధిలోనికి తోలివేసినాడు. "దాని దారి అది చూసుకుంటుంది, నీ దారి నువ్వు చూసుకో అక్కా," అన్నాడు. మరునాటి సాయంకాలము తుపాను తీరము దాటెను. ఊరిలో తాటాకు ఇండ్లలో ఒక్కదానికి పైకప్పు మిగులలేదు. బడిలో ఉన్నవారిలో ఒక్కరికిని ఏమియు కాలేదు. ఆవు మూడవ దినమున తిరిగి వచ్చెను.

ఆయన పోయి ఇరువది ఏండ్లు దాటినది. రెండు సంవత్సరముల క్రిందట నేను ఆ ఊరికి పోయినప్పుడు, పాతబడిని పడగొట్టి కొత్తభవనము కట్టుచుండిరి. గోడకు ఒక చిన్న రాయి వేసి ఆయన పేరు వ్రాసినచో బాగుండునని అంటిని. అచ్చటి పెద్దలు వెంటనే ఒప్పుకొనిరి. ఒకరు ఖర్చు తాము పెట్టుకొందుమనిరి. ఏ పేరు వ్రాయవలెనని మేస్త్రీ అడిగెను. అప్పుడు ఒకరి ముఖము ఒకరము చూచుకొంటిమి. మిలిటరీ తాత అన్నదే గాని ఆయన అసలు పేరు మాలో ఒక్కరికిని తెలియదు. బస్రాలో చెక్కినవారిని నిందించుటకు నాకు అప్పటినుండి కొంచెము నోరు తగ్గినది.

ఆయన మనుమడు పట్నములో ఉన్నాడు. అడుగగా ఒక పాత హార్లిక్సు సీసా తెచ్చి చూపినాడు. అందులో రెండు పతకములు, మడతలు చిరిగిన డిశ్చార్జి పుస్తకము ఉన్నవి. పుస్తకములో ఇంగ్లీషు గుమాస్తా తన చెవికి తోచినట్లు వ్రాసిన పేరు ఒకటి. రేషను కార్డులో ఉన్నది మరొకటి, ఇంటిపేరుతో సహా వేరు. ఆ బంజరు పట్టాలో మూడవది. వయోవృద్ధురాలైన ఆయన చెల్లెలు ఒకామె గుడివాడ దాపున ఉన్నదని తెలిసినది. వచ్చే ఆదివారము ఆమె వద్దకు పోయి అడిగి రావలెనని అనుకొన్నాము. మేస్త్రీ రాయిని చదును చేసి, గోడకు ఆనించి ఉంచినాడు.